యురెటెరోస్కోపీతో కిడ్నీ రాయి తీయించుకోవడం: మొదటి స్కానింగ్ నుంచి స్టెంట్ తీసే రోజు దాకా

మూత్రనాళంలో రాయి ఉందని, యురెటెరోస్కోపీ చేసి తీయవచ్చని డాక్టరు చెప్పిన తరువాత మీరు మీ కోసం గానీ, మీ బిడ్డ కోసం గానీ ఏమేమి చేయవలసి ఉంటుందో వరుసగా చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. రాయి పగలగొట్టడం డాక్టరు పని. ఆ పనికి ముందు పది రోజులూ, తరువాత రెండు నెలలూ చేయవలసిన పనుల్లో చాలా భాగం మాత్రం రోగి మీద, ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది. ఆ భాగం సరిగ్గా తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఎంత నష్టం జరిగిందో ముందుకు వెళ్ళాక చెబుతాను.

కిడ్నీలో తయారైన మూత్రాన్ని మూత్రాశయానికి చేర్చే సన్నని గొట్టమే మూత్రనాళం. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది గానీ, వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. కిడ్నీ దగ్గర మొదలయ్యేచోట, కాలికి వెళ్ళే పెద్ద రక్తనాళాలను దాటేచోట, మూత్రాశయంలో కలిసేచోట అది మరింత ఇరుకుగా ఉంటుంది కనుక, జారిన రాయి సాధారణంగా ఈ మూడింటిలో ఒకచోట ఆగిపోతుంది. యురెటెరోస్కోపీలో ఎక్కడా కోత పెట్టరు. మూత్రం బయటికి వచ్చే దారి గుండానే కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని మూత్రాశయంలోకి, అక్కడి నుంచి మూత్రనాళంలోకి పంపి, రాయిని కళ్ళతో చూస్తూ లేజర్‌తో పగలగొడతారు. వంగే గొట్టాన్ని కిడ్నీ లోపలి దాకా పంపి చేసే పద్ధతిని మన ఆసుపత్రుల్లో ఆర్‌ఐఆర్‌ఎస్ అంటారు.

మొదటి అడుగు: ఈ పద్ధతి మీ రాయికి తగినదేనా అని తేల్చుకోవడం

రిపోర్టులో మూడు విషయాలు చూడండి: రాయి ఎన్ని మిల్లీమీటర్లు ఉంది, ఎక్కడ ఉంది, దానివల్ల కిడ్నీ వాచిందా లేదా. పెద్దవారిలో 5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. 10 మిల్లీమీటర్లు దాటినవి అలా పడిపోవడం అరుదు. నొప్పి అదుపులో ఉండి, జ్వరం లేకుండా, కిడ్నీ పనితీరు బాగుంటే కొన్ని వారాలు మందులతో ఎదురుచూద్దామని డాక్టరు అంటే అది నిర్లక్ష్యం కాదు. యూరిక్ ఆమ్లంతో ఏర్పడిన రాళ్ళను మూత్రం పులుపు తగ్గించే మందులతో కరిగించే అవకాశం కూడా ఉంది. కిడ్నీలో 20 మిల్లీమీటర్లు మించిన రాయి ఉంటే వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి తీసే పద్ధతి, అంటే పీసీఎన్‌ఎల్, ఎక్కువగా సరిపోతుంది. బయటి నుంచి తరంగాలు పంపి రాయిని పొడి చేసే పద్ధతి పిల్లల కిడ్నీ రాళ్ళకు బాగా పనిచేస్తుంది. గర్భిణులకు మాత్రం అది పనికిరాదు. వారికి తప్పనిసరైతే యురెటెరోస్కోపీ చేయవచ్చు.

కొండపిండి ఆకు కషాయం, ఉలవల నీళ్ళు, అరటి దవ్వ రసం గురించి మనలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు చెబుతారు. వాటిమీద నమ్మకం ఉన్నవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మూత్రనాళానికి అడ్డంపడిన పెద్ద రాయిని అవి కరిగిస్తాయని మాత్రం రుజువు లేదు. పైగా నొప్పి తగ్గడమంటే రాయి పోయినట్టు కాదు. అడ్డు అలాగే ఉండగా నొప్పి లేకుండానే కిడ్నీ మెల్లగా దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక, ఏది వాడినా మళ్ళీ స్కానింగ్ చేయించకుండా రాయి పడిపోయిందని అనుకోకండి.

రాయితో పాటు చలి జ్వరం వస్తే ఇక్కడ చెప్పిన వరుస ఏదీ వర్తించదు. అది అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తవలసిన పరిస్థితి. అడ్డుపడిన మూత్రంలో చీము చేరితే ఇన్ఫెక్షన్ గంటల్లో రక్తంలోకి పాకుతుంది. అప్పుడు డాక్టర్లు ముందుగా మూత్రనాళంలో స్టెంట్ అనే మెత్తని గొట్టం వేసో, వీపు నుంచి గొట్టం పెట్టో ఆ మూత్రాన్ని బయటికి పంపుతారు. రాయి సంగతి ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గిన తరువాతే చూస్తారు. ‘రాయి తీయకుండా గొట్టం పెట్టి పంపారేమిటి’ అని కోపం తెచ్చుకోకండి. ప్రాణం కాపాడే వరుస అదే.

రెండవ అడుగు: పరీక్షలు, మందుల జాబితా

పెద్దవారికి రంగు మందు లేకుండా చేసే సీటీ స్కాన్ రాయి పరిమాణాన్నీ స్థానాన్నీ కచ్చితంగా చూపిస్తుంది. పిల్లలకు రేడియేషన్ తగ్గించాలి కనుక మొదట అల్ట్రాసౌండ్ స్కానింగే చేయాలి. దానితో విషయం తేలనప్పుడే తక్కువ మోతాదు సీటీకి వెళ్ళాలి. మీ బిడ్డకు నేరుగా సీటీ రాస్తే అది ఎందుకు అవసరమో అడగడానికి సంకోచించకండి.

ఈ దశలో అన్నిటికంటే ముఖ్యమైనది మూత్రం కల్చర్ పరీక్ష. రాయి పగలగొట్టేటప్పుడు లోపల స్పష్టంగా కనబడటానికి సెలైన్ పారిస్తూ ఉంటారు. మూత్రంలో క్రిములుంటే ఆ ఒత్తిడికి అవి రక్తంలోకి చేరి ప్రాణం మీదికి రావచ్చు. కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది కనుక ఆపరేషన్ ముందురోజు శాంపిల్ ఇస్తే ప్రయోజనం ఉండదు. కనీసం వారం ముందే ఇవ్వండి. క్రిములు ఉన్నట్టు తేలితే, ఆ క్రిమికి పనిచేసే యాంటీబయాటిక్‌ను చెప్పినన్ని రోజులు వాడిన తరువాతే తేదీ ఖాయం చేసుకోండి.

మీరు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలను తమంతట తాము ఆపకూడదు. రక్తం పలచబరిచే మందులు ఆపడం ప్రమాదమైనవారికి కూడా యురెటెరోస్కోపీ చేయడం సాధ్యమే కనుక, ఆ నిర్ణయాన్ని గుండె డాక్టరుకూ యూరాలజిస్టుకూ వదిలేయండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఆపరేషన్ రోజున ఎలా వాడాలో మత్తు డాక్టరును విడిగా అడగండి. మందులు పడకపోవడం, ఆయాసం, కట్టుడు పళ్ళు, వదులైన పళ్ళు ఉంటే చెప్పండి. పాలపళ్ళు ఊడే వయసు పిల్లల విషయంలో ఇది మరీ అవసరం.

మూడవ అడుగు: సంతకం పెట్టేముందు అడగవలసినవి

అంగీకార పత్రం మీద సంతకం పెట్టడమంటే రిజిస్టరులో పేరు రాయడం లాంటిది కాదు. ‘మూత్రనాళం ఇరుకుగా ఉండి గొట్టం పైకి వెళ్ళకపోతే ఏం చేస్తారు?’ అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న. అలాంటప్పుడు బలవంతంగా నెట్టకుండా, డీజే స్టెంట్ మాత్రమే వేసి, ఒకటి రెండు వారాల తరువాత మళ్ళీ చేయడమే మంచి పద్ధతి. స్టెంట్ ఉన్న ఆ రోజుల్లో మూత్రనాళం తనంతట తానే వదులవుతుంది. చిన్నపిల్లల్లో ఇలా గొట్టం పైకి వెళ్ళకపోవడం తరచుగా జరుగుతుంది. అందుకే కొందరు డాక్టర్లు పిల్లలకు రెండు విడతలని ముందే చెబుతారు. మొదటిరోజు రాయి తీయకుండా బయటికి వస్తే దాన్ని విఫలమైన ఆపరేషన్‌గా లెక్కవేయకండి. ఓపిక పట్టిన డాక్టరు మీ బిడ్డ మూత్రనాళం చిరగకుండా, తరువాత కుంచించుకుపోకుండా కాపాడారని అర్థం.

ఆపరేషన్ ఏ వైపో ఎలా గుర్తుపెడతారు, వంగే స్కోపు, అంటే కెమెరా గొట్టం, అందుబాటులో ఉందా, రాయి పూర్తిగా పోకపోతే మళ్ళీ ఎప్పుడు చేస్తారు, స్టెంట్ తీసే ఖర్చు ఇందులోనే కలిసి ఉందా అన్నవి తరువాతి ప్రశ్నలు. బిడ్డ విషయంలోనైతే పిల్లలకు తగిన సన్నని స్కోపులు, పిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టరు ఉన్నారా అని కూడా అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకోవాలనుకునేవారు చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఆపరేషన్, స్టెంట్ తొలగింపు రెండూ ఆ పరిధిలోకి వస్తాయో లేదో కనుక్కోవాలి.

నాలుగవ అడుగు: పరగడుపు

అన్నం, టిఫిను, పాలు, పాలు కలిపిన టీ ఆపరేషన్‌కు ఆరు గంటల ముందే ఆపేయాలి. తల్లిపాలు తాగే బిడ్డకు నాలుగు గంటల ముందు వరకు పాలు ఇవ్వవచ్చు. మామూలు మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. మీ మత్తు డాక్టరు వేరే సమయం చెబితే దాన్నే పాటించండి. ‘పసివాడు, ఆకలికి ఏడుస్తున్నాడు’ అని అమ్మమ్మో నాయనమ్మో చాటుగా ఇచ్చే ఒక్క బిస్కెట్ ముక్కతో, మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ కారణం ముందే వివరంగా చెప్పండి. కారణం తెలిస్తే వారే కాపలా కాస్తారు. పిల్లల ఆపరేషన్‌ను ఉదయం మొదటి కేసుగా పెట్టమని అడగడం అన్నివిధాలా మేలు.

మూడేళ్ళు దాటిన బిడ్డకు ఏం జరగబోతోందో అబద్ధం లేకుండా చెప్పండి. ‘నువ్వు నిద్రపోయినప్పుడు డాక్టరు రాయి తీసేస్తారు, లేచేసరికి మేము పక్కనే ఉంటాం, కొన్ని రోజులు ఉచ్చపోసేటప్పుడు మంట పుడుతుంది’ అంటే చాలు. ఏమీ ఉండదని చెప్పి తీసుకెళ్ళిన పిల్లవాడు మొదటి మంటకే బెదిరిపోయి మూత్రం బిగబడతాడు. దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది.

అయిదవ అడుగు: ఆపరేషన్ గదిలో జరిగేది

ఇక్కడ మీరు చేయవలసింది లేదు గానీ, తెలిసి ఉంటే భయం తగ్గుతుంది. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. పెద్దవారికి పూర్తి మత్తు గానీ, నడుముకు సూది గానీ ఇస్తారు. ముందుగా ఒక సన్నని తీగను ఎక్స్‌రే తెర మీద చూస్తూ కిడ్నీ దాకా పంపి, దాని వెంబడే స్కోపును నడిపిస్తారు. దారి తప్పకుండా కాపాడేది ఆ తీగే. రాయి కనబడగానే వెంట్రుకలా సన్నగా ఉండే లేజర్ ఫైబర్‌ను దానికి తాకిస్తారు. ఇందుకు వాడే హోల్మియం అనే రకం లేజర్ శక్తిని చుట్టూ ఉన్న నీరే పీల్చేసుకుంటుంది కనుక ఫైబర్ కొసను రాయి మీదే ఉంచినంతవరకు పక్కనున్న గోడకు దెబ్బ తగలదు. రాయిని సన్నని ధూళిగా మార్చి మూత్రంతో పోనివ్వవచ్చు, లేదా ముక్కలు చేసి చిన్న తీగబుట్టతో ఒక్కొక్కటే బయటికి తీయవచ్చు. మొత్తానికి అరగంట నుంచి రెండు గంటల వరకు పడుతుంది. తీసిన ముక్కలను పారేయకుండా పరీక్షకు పంపమని ముందే చెప్పి ఉంచండి.

ఈ పద్ధతి మొదటి అడుగులు పడింది కూడా ఒక పసిబిడ్డ దగ్గరే. 1912లో అమెరికా డాక్టరు హ్యూ హాంప్టన్ యంగ్, పుట్టుకతో వచ్చిన అడ్డు వల్ల మూత్రనాళాలు బాగా ఉబ్బిపోయిన ఒక బిడ్డను పరీక్షిస్తూ, మూత్రాశయం చూసే స్కోపునే పైకి పంపి కిడ్నీ లోపలిని చూశాడు. పిల్లల కోసం సన్నని స్కోపులు తయారై, వారికి ఈ చికిత్స మామూలు కావడానికి ఆ తరువాత చాలా దశాబ్దాలు పట్టింది.

ఆరవ అడుగు: ఇంటికి వచ్చాక మొదటి వారం

చాలామందిని అదే రోజు గానీ మరుసటి రోజు గానీ పంపిస్తారు. మూత్రం గులాబీ రంగులో రావడం, మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, మూత్రం పోసే క్షణంలో అదే వైపు నడుములో నొప్పి పుట్టడం, ఇవన్నీ స్టెంట్ ఉన్నంతకాలం మామూలే. ఆ నడుము నొప్పి చాలామందిని భయపెడుతుంది. మూత్రాశయం ముడుచుకున్నప్పుడు కొంత మూత్రం స్టెంట్ గుండా వెనక్కి కిడ్నీకి ఎక్కడం వల్ల అది వస్తుంది. కొద్దిసేపట్లో తగ్గుతుంది. నొప్పికి పారాసెటమాల్, స్టెంట్ చికాకుకు టామ్సులోసిన్ వంటి మాత్రలు డాక్టరు రాస్తారు. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక పెద్దవారి మాత్రలో సగం విరిచి ఇవ్వకండి.

మొదటి రోజుల్లో మూత్రాన్ని టీ వడగట్టే సన్నని జల్లెడలో గానీ, రెండు మడతల పలుచని గుడ్డలో గానీ వడగట్టండి. మా అక్క కొడుకు విషయంలో మూడో రోజు ఉదయం గుడ్డ మీద బొంబాయి రవ్వంత గోధుమరంగు పలుకులు నాలుగు దొరికాయి. వాటిని ఆరబెట్టి చిన్న సీసాలో వేసి ల్యాబుకు ఇచ్చాము. ఆ ఆరేళ్ళ పిల్లవాడికి రాయి ఎందుకు వచ్చిందో తేల్చడంలో మొదటి ఆధారం ఆ పలుకులే అయ్యాయి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, చలితో వణుకు వచ్చినా, మూత్రం ఆగిపోయినా, గడ్డలుగా రక్తం పడినా, మాత్రలకు లొంగని నొప్పి, ఆగని వాంతులు ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. పసిపిల్లలు నొప్పి అని చెప్పలేరు. పాలు తాగకపోవడం, మందకొడిగా పడి ఉండడం, డైపరు గంటల తరబడి తడవకపోవడమే వారు చెప్పే మాట.

ఏడవ అడుగు: స్టెంట్ తీయించుకోవడం

ఈ వ్యాసంలో మీరు ఒక్క భాగమే చదవగలిగితే ఇదే చదవండి. డీజే స్టెంట్ అంటే రెండు కొసలూ వంకీ తిరిగిన మెత్తని ప్లాస్టిక్ గొట్టం. ఒక వంకీ కిడ్నీలో, మరొకటి మూత్రాశయంలో నిలిచి, మూత్రనాళం వాపు తగ్గేదాకా దారిని తెరిచి ఉంచుతుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తీసేస్తారు. కొందరికి మరికొన్ని వారాలు ఉంచవచ్చు. నెలల తరబడి వదిలేస్తే దాని మీదే రాయి గట్టిపడుతుంది.

మా నాన్నగారికి జరిగింది అదే. డిశ్చార్జి కాగితం చివర సన్నని అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఉంది. దాన్ని మాకెవరూ విడమరిచి చెప్పలేదు, మేమూ అడగలేదు. నొప్పి పోయింది, పని అయిపోయిందనుకున్నాము. ఎనిమిది నెలల తరువాత జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే స్టెంట్ రెండు వంకీల చుట్టూ సున్నం పట్టినట్టు తెల్లగా రాయి పేరుకుని ఉంది. దాన్ని తీయడానికి మరో రెండు ఆపరేషన్లు అవసరమయ్యాయి. అప్పటికే ఆ కిడ్నీ కొంత శక్తి కోల్పోయింది.

అందువల్ల డిశ్చార్జి రోజున మూడు పనులు చేయండి. లోపల స్టెంట్ ఉందా లేదా అని స్పష్టంగా అడగండి. ఉంటే తీసే తేదీని అక్కడే తెలుగులో రాయించుకోండి. ఇంటికి రాగానే గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్రగా గీసి, ఇంట్లో మరొకరి ఫోనులో కూడా అలారం పెట్టించండి. సెలవు మీద ఊరికి వచ్చి ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ గల్ఫ్‌కు వెళ్ళిపోయేవారు, అమెరికా నుంచి హైదరాబాదు వచ్చి చేయించుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. స్టెంట్ తీయించుకున్న తరువాతకే టిక్కెట్టు పెట్టుకోండి. అది కుదరకపోతే వెళ్ళే చోట తీసే డాక్టరును ముందే కుదుర్చుకుని, ఆపరేషన్ వివరాల కాగితాన్ని వెంట తీసుకెళ్ళండి.

పెద్దవారికి స్టెంట్ తీయడం మత్తు జెల్లీ వేసి కొద్ది నిమిషాల్లో చేసే పని. చిన్నపిల్లలకు దానికి కూడా సాధారణంగా కాసేపు మత్తు ఇవ్వాలి. బయటికి దారం వదిలిన స్టెంట్ వేస్తే ఆ రెండో మత్తు తప్పవచ్చు కనుక మీ బిడ్డకు అది వీలవుతుందేమో ఆపరేషన్‌కు ముందే అడగండి. దారం ఉంటే స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు లాగకుండా చూసుకోవాలి.

ఎనిమిదవ అడుగు: మళ్ళీ స్కానింగ్, కారణం వెతకడం

స్టెంట్ తీసిన కొన్ని వారాలకు నొప్పి లేకపోయినా అల్ట్రాసౌండ్ చేయించాలి. మూత్రనాళం కుంచించుకుపోయి కిడ్నీ వాయడం అరుదే గానీ, అది జరిగినప్పుడు బాధ ఏమీ తెలియకపోవచ్చు.

పిల్లలకు రాయి వస్తే, అది మొదటిదే అయినా, కారణం వెతకాలి. రాయి విశ్లేషణ, రక్త పరీక్షలు, 24 గంటల మూత్ర పరీక్ష చేయించాలి. సిస్టిన్ అనే పదార్థంతో ఏర్పడే రాళ్ళు, రాళ్ళను కట్టే ఆక్సలేట్ అనే పదార్థం ఒంట్లో అమితంగా తయారయ్యే జబ్బు వంటివి తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వచ్చినప్పుడు పుట్టేవి. మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ కనుక, మీది దగ్గరి సంబంధమైతే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. అవసరమైతే అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు కూడా పరీక్ష చేయిస్తారు.

తిండి విషయంలో మనవాళ్ళు ముందుగా మానేసేది టమాటా, పాలు. నిజానికి టమాటాలో ఆక్సలేట్ తక్కువే. పాలు, పెరుగు మానేస్తే కాల్షియం ఆక్సలేట్ రాళ్ళ ముప్పు పెరుగుతుంది, ఎందుకంటే పేగులో ఆక్సలేట్‌ను పట్టి ఆపేది ఆ కాల్షియమే. తగ్గించవలసినది ఉప్పు: ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ప్యాకెట్ చిరుతిళ్ళు. పాలకూర, చుక్కకూర ఎప్పుడైనా తిన్నా పెరుగన్నంతో కలిపి ముగించండి. ఉప్పు, పంచదార వేయని నిమ్మకాయ నీళ్ళు మంచివి. పెద్దవారు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటట్టు నీళ్ళు తాగాలి. ఎండలో పనిచేసేవారికి, మే నెలలో అందరికీ, దానికి మూడు లీటర్లు కూడా చాలకపోవచ్చు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం నీటి కొలత డాక్టరును అడిగే పెంచాలి. పిల్లల స్కూలు సంచిలో నీళ్ళ సీసా పెట్టడంతో పాటు, తరగతిలో తాగడానికీ, మూత్రానికి వెళ్ళడానికీ అడ్డు చెప్పవద్దని టీచరుకు ఒక చీటీ రాసి పంపండి. స్కూల్లో మరుగుదొడ్డికి వెళ్ళడం ఇష్టంలేక నీళ్ళే తాగని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, చాలామంది ఉన్నారు.